న్యూజెర్సీ గవర్నరు ప్రైమరీ: పార్టీ నమోదు లేనివారి ఓటు

నమస్కారమండీ. ఏ పార్టీ పేరూ లేకుండా ఓటరుగా నమోదైన మీరు అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర గవర్నరు ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, ఓటు వేయవచ్చా, వేస్తే నవంబరులో జరిగే అసలు ఎన్నికలోనూ అదే పార్టీకి కట్టుబడాలా అని అడిగారు. నిస్సందేహంగా వేయవచ్చు. ప్రైమరీ రోజున పోలింగు కేంద్రంలోనే డెమొక్రటిక్, రిపబ్లికన్ పార్టీలలో ఒకదాన్ని ఎంచుకుంటే ఆ పార్టీ బ్యాలెట్టు ఇస్తారు. అయితే ఆ ఎంపికతో మీరు ఆ పార్టీ ఓటరుగా నమోదై, మార్పు కోరుతూ పత్రం ఇచ్చేదాకా అలాగే కొనసాగుతారు. తపాలా బ్యాలెట్టు కావాలంటే మాత్రం పార్టీని ముందుగానే ప్రకటించాలి.

మీ శ్రీమతిగారు ఇప్పటికే డెమొక్రాటుగా నమోదై ఉన్నారని రాశారు గనుక ఆమెకు ఈ వెసులుబాటు లేదు. రిపబ్లికన్ ప్రైమరీలో పాల్గొనదలిస్తే ఆమె 55 రోజుల ముందే పార్టీ మార్పు పత్రం అందజేయాలి.

నవంబరులో మీరిద్దరూ ఏ అభ్యర్థికైనా ఓటు వేయవచ్చు. అయినా ప్రైమరీని తేలిగ్గా తీసుకోవద్దనే నా సలహా. అప్పటి గవర్నరు ఫిల్ మర్ఫీ వరుసగా రెండుసార్లు ఎన్నికైనందున మళ్లీ పోటీకి వీలులేని 2025లో, డెమొక్రటిక్ ప్రైమరీలో ఆరుగురు తలపడగా, మైకీ షెరిల్ మూడోవంతుకు కాస్త మించిన ఓట్లతోనే అభ్యర్థిత్వం సాధించి, చివరికి గవర్నరుగా ఎన్నికయ్యారు.