భారీ వర్షాల అంచనాకు మెషీన్ లెర్నింగ్ కోర్సు ఒక్కటే చాలా?

బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) ఆఖరి ఏడాదిలో ఉన్న ఒకరు అడిగారు: ఉపగ్రహాల డేటాతో భారీ వర్షాలను అంచనా వేసే పని చేయాలని ఉంది, దానికి మెషీన్ లెర్నింగ్ కోర్సు చాలా, వాతావరణ శాస్త్రంలో పీజీ చేయాల్సిందేనా?

పీజీ చేయండి. కోర్సు కూడా చేయండి, ఎటూ పనికొస్తుంది, కానీ దానొక్కదాన్నే నమ్ముకుంటే మీ చేతిలో ఉన్న డేటా అసలు దేన్ని కొలిచిందో మీకే తెలియదు.

భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉండే భూస్థిర ఉపగ్రహాల సంగతే చూడండి. పది, పదిహేను నిమిషాలకోసారి చిత్రాలు పంపుతాయి గానీ, ఇన్‌ఫ్రారెడ్‌లో వాటికి తెలిసేది మేఘం పైభాగం ఎంత చల్లగా ఉందన్నదే. చల్లగా ఉంటే మేఘం బాగా పైకి పెరిగింది, గట్టిగా కురుస్తుంది అని లెక్క వేస్తారు. జీపీఐ అనే పాత పద్ధతిలో అయితే 235 కెల్విన్, అంటే మైనస్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్న చోటల్లా గంటకు 3 మిల్లీమీటర్ల వాన అని రాసేసేవారు! నెల సగటుకు అది ఫర్వాలేదు, రెండు గంటల్లో ఊరిని ముంచేసే వానకు పనికిరాదు. ఉరుముల మేఘం నుంచి పక్కకు పరుచుకున్న పల్చటి మేఘం కూడా చల్లగానే ఉంటుంది, చుక్క రాలదు. కొండ వాలుకు తగిలి తేమగాలి పైకి లేచినప్పుడు మేఘం అంత ఎత్తుకు పోకుండానే కుండపోత కురవొచ్చు, దాన్ని ఉపగ్రహం తక్కువగా లెక్కేస్తుంది.

మైక్రోవేవ్ సెన్సర్లు మేఘం లోపలి నీటిని, మంచును పట్టుకుంటాయి, కాకపోతే కింది కక్ష్యల్లో తిరుగుతాయి కాబట్టి ఒకే చోటిని ఎప్పుడూ చూస్తూ ఉండలేవు. 2014లో వెళ్లిన, వానను కొలిచే జీపీఎం ఉపగ్రహంలో రెండు ఫ్రీక్వెన్సీల రాడార్ కూడా ఉంది. వీటన్నిటినీ కలిపి నాసా ఇచ్చే ఐమెర్గ్ అనే వాన డేటా అరగంటకోసారి, సుమారు 10 కిలోమీటర్ల గడుల్లో ఉంటుంది, కానీ అందులో తొలి వెర్షన్ రావడానికే నాలుగు గంటలు పడుతుంది. హఠాత్తు వరదకు అది ఆలస్యమే.

ముందస్తు అంచనాలో రెండు దారులున్నాయి. వచ్చే కొన్ని గంటలకు మేఘాల కదలికను బట్టి చెప్పే నౌకాస్టింగ్‌లో మెషీన్ లెర్నింగ్‌కు మంచి చోటుంది. అంతకు మించితే ఉపగ్రహ కొలతలను వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ప్రారంభ స్థితిలోకి ఎక్కించే డేటా అసిమిలేషన్ కావాలి. అది గట్టి లెక్కల పని, ఫోర్ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష కూడా అక్కడ ఇంకా వదల్లేదు. పీజీ పేరులో ఏఐ ఉందా అని చూడకండి, సిలబస్‌లో డేటా అసిమిలేషన్, రాడార్, రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచే కొలవడం) ఉన్నాయా చూడండి.

ఈలోగా ఒక్క ప్రాజెక్టు చేయండి. ఒక భారీ వర్షం రోజు తీసుకుని ఐమెర్గ్ డేటాను (ఉచితమే, రిజిస్టర్ అయితే చాలు) పైథాన్‌లో తెరిచి రెయిన్ గేజ్‌ల లెక్కలతో పోల్చండి. గేజ్ ఒక చిన్న బిందువు, గడి సుమారు వంద చదరపు కిలోమీటర్లు, కాబట్టి రెండూ సరిగ్గా కలవాలని ఆశపడకండి, ఎక్కడ ఎందుకు తేడా వచ్చిందో రాయండి. ఆ తర్వాత మెషీన్ లెర్నింగ్ మోడల్ కడితే ఆక్యురసీ చూసి మురిసిపోవద్దు. రోజూ "భారీ వర్షం లేదు" అని చెప్పే మోడల్‌కు కూడా ఆక్యురసీ అదిరిపోతుంది. వచ్చిన వానల్లో ఎన్నింటిని పట్టింది, ఎన్నిసార్లు ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చింది, ఈ రెండూ లెక్కేయండి.

ఉద్యోగాలు వాతావరణ శాఖలు, అంతరిక్ష సంస్థలతో పాటు డ్యామ్‌ల నిర్వహణ, బీమా కంపెనీల్లోనూ ఉంటాయి. డిఫరెన్షియల్ ఈక్వేషన్లంటేనే టెన్షన్ అయితే మాత్రం అసిమిలేషన్ వైపు వెళ్లకండి, ఈ డేటాను వేగంగా సర్దిపెట్టి అందించే డేటా ఇంజినీర్లు కూడా ఇదే రంగంలో కావాలి.