పగిలే గాజులో అణు వ్యర్థాలా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదివే మా అబ్బాయి అణు వ్యర్థాలను గాజులో కలిపి దాస్తారంటున్నాడు. చేయి జారితే పగిలే గాజును ఎలా నమ్ముతారండీ?
– ఒక గృహిణి, పటమట, విజయవాడ

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనండీ. కాకపోతే ఇది జాడీలో ఆవకాయ పెట్టినట్టు గాజు డబ్బాలో నింపి మూత బిగించడం కాదు. వ్యర్థాన్ని బోరోసిలికేట్ (సిలికాతో పాటు బోరాన్ కూడా ఉండే) గాజు ముడిసరుకుతో కలిపి సుమారు 1000 డిగ్రీల దగ్గర కరిగించి, స్టీలు డబ్బాల్లో పోస్తారు. ఒక్కో సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్లు, వాటి ద్వారా పక్క సిలికాన్‌తోనో బోరాన్‌తోనో లంకె, ఇలా అల్లుకున్న వలలో స్ఫటికానికున్నంత క్రమం ఉండదు కాబట్టి వ్యర్థంలోని సీజియం, స్ట్రాన్షియం లాంటి రకరకాల సైజుల రేడియోధార్మిక మూలకాలకు చోటు దొరుకుతుంది.

పగుళ్లంటారా, చల్లారేటప్పుడే వస్తాయి! అయినా ఏమీ ఒలికిపోదు, ప్రతి ముక్కలోనూ వ్యర్థం బంధించే ఉంటుంది, నీరు తగిలే ఉపరితలం మాత్రం పెరుగుతుంది. అసలు టెన్షన్ ఆ నీటితోనే. ముందు సోడియం, బోరాన్ బయటికొస్తాయి, మిగిలిన సిలికా పైన జెల్ పొరలా ఏర్పడి కరిగే వేగాన్ని బాగా తగ్గిస్తుంది. పూర్తిగా ఆగిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఫ్రాన్స్ తీరాన సముద్రంలో దాదాపు 1800 ఏళ్లు మునిగి ఉన్న రోమన్ గాజును శాస్త్రవేత్తలు పరీక్షించింది ఈ కరిగే వేగం లెక్క తేల్చుకోవడానికే.

మన దేశంలో తారాపూర్, ట్రాంబే, కల్పాక్కంలలో ఈ ప్లాంట్లున్నాయి. ట్రాంబే వ్యర్థంలో సల్ఫేట్ ఉండేది, అది మామూలు బోరోసిలికేట్‌లో సరిగా కలవక విడిపోతుంది, అందుకని అక్కడ బేరియం కలిపిన గాజు తయారుచేశారు.