ఈ తరానికి డబ్బు పిచ్చే గానీ పని మీద భక్తి లేదంటారు, నిజమేనా?

మీ తమ్ముడికి 24 ఏళ్ళు, బెంగళూరులో రెండేళ్ళలో మూడు కంపెనీలు మారాడు, వచ్చిన జీతం ఫోన్లకీ బూట్లకీ పోస్తున్నాడు, మీ అమ్మానాన్నలేమో "వీళ్ళకి డబ్బు పిచ్చి, పని మీద భక్తి లేదు" అని బాధపడుతున్నారు. వాళ్ళ మాట నిజమేనా అని మీరు అడిగారు.

నాకు 48. విజయనగరం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల మాస్టర్ని. మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు, మా అమ్మాయి విశాఖలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తోంది. ఆయన దాన్ని తిడతాడు, అది ఆయన్ని తిడుతుంది, రెండూ నా చెవిలోనే పడతాయి. కాబట్టి మా ఇంట్లో చూసిందే చెప్తాను.

ముందు ఈ "పని మీద భక్తి" సంగతి. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, రాజాం అంటూ మా వైపు చాలా ఊళ్ళలో జూట్ మిల్లులు ఉండేవి. నాన్న చేసిన మిల్లు పేరు మాత్రం చెప్పను. 1970లో స్పిన్నింగ్‌లో చేరాడు. సి షిఫ్టు దిగి తెల్లారి ఇంటికొస్తే జుట్టు, కనుబొమ్మలు, చెవుల మీద వెంట్రుకలు అన్నీ పసుపుపచ్చగా మెరిసేవి. నార దుమ్ము. అమ్మ ఆయన్ని గడపలో కూర్చోబెట్టి పేనుదువ్వెనతో తల దువ్వేది. దువ్వెన పళ్ళ మధ్య ఇరుక్కున్న నూగుని వేలితో ఉండ చుట్టి పెరట్లో పారేసేది. ఎంత తోమి స్నానం చేసినా ఒంటి నుంచి మెషిన్ ఆయిల్ వాసన పోయేది కాదు. మాకు అదే నాన్న వాసన.

ఇప్పుడు ఆయన "నాను ముప్పై ఏడేళ్ళు ఒక్క మిల్లులో సేసాను, ఒక్క రోజు లేటు ఎల్లలేదు" అని మనవరాలికి పాఠం చెప్తుంటాడు. నిజమే, లేటు వెళ్ళలేదు. కానీ నేను టెన్త్ తప్పుతానేమోనని భయపడిన ఏడాది నాతో అన్న మాట నాకింకా గుర్తుంది. "ఈ గేటు నాతోనే ఆగిపోవాల. నువ్వు ఇటేపు వచ్చావంటే కాళ్ళిరగ్గొడతాను." పని మీద భక్తి ఉన్న మనిషి కొడుకుతో అలా అనడు కదా. దసరా ముందు బోనస్ కోసం ఎర్రజెండా పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నవాళ్ళలో ఆయన ముందు వరసలోనే ఉండేవాడు. చట్టంలో ఉన్న కనీస బోనస్ 8.33 శాతం. ఆ అంకె నేను దశాంశాలు నేర్చుకోకముందే మా ఇంట్లో విన్నాను. ఆ డబ్బు వస్తేనే మాకు పైడితల్లమ్మ పండక్కి కొత్త బట్టలు. దాన్ని ఎవరూ డబ్బు పిచ్చి అనలేదు, అనకూడదు కూడా. మరి మీ తమ్ముడు పాతిక శాతం హైక్ కోసం కంపెనీ మారితే అది పిచ్చి ఎలా అయిందో నాకు అర్థం కాదు.

ఇక దాచుకోవడం. ఇక్కడ నాన్న తరాన్ని నిజంగా మెచ్చుకోవాలి, కానీ వాళ్ళ లెక్క కూడా చూడాలి. 1988 ఏప్రిల్లో పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్రాలు వచ్చాయి. పెట్టిన డబ్బు ఐదున్నరేళ్ళలో రెట్టింపు. ఆ ఏడు దసరా బోనస్‌తో నాన్న నాలుగు వేలకి పత్రాలు కొన్నాడు. వాటిని ట్రంకు పెట్టెలో అమ్మ పట్టుచీర మడతలో పెట్టేవాడు. ఆయన నోట డిపాజిట్ అనే మాట ఎప్పుడూ రాలేదు, "కాగితం పండుతుంది" అనేవాడు. "నువ్వు ఇంటర్‌లోకి వచ్చేసరికి మొదటి కాగితం పండుతుంది" అని వరి గురించి చెప్పినట్టే చెప్పేవాడు. నిజంగానే 1994లో నాలుగు వేలు ఎనిమిదయ్యాయి, మళ్ళీ పెడితే 1999లో పదహారయ్యాయి.

లెక్కల మాస్టర్ని కాబట్టి చెప్తున్నాను, ఐదున్నరేళ్ళకి రెట్టింపు అంటే చక్రవడ్డీ ఏడాదికి 13 శాతం పైనే. పీఎఫ్ మీద కూడా ఆ దశాబ్దమంతా 12 శాతం ఇచ్చారు. ధరలూ అలాగే మండేవనుకోండి, అది వేరే సంగతి. కానీ ఒక కార్మికుడి కళ్ళకి కనిపించేది ధరల సూచీ కాదు, పోస్ట్‌మాస్టర్ లెక్కపెట్టి ఇచ్చే రెండింతల నోట్లు. అలాంటి కాలంలో దాచుకోమని ఎవరూ బోధించక్కర్లేదు.

మరి ఆ పండిన కాగితాలు ఏమయ్యాయి? 2000 మాఘమాసంలో అక్క పెళ్ళికి పోయాయి. అరవై వేలు కట్నం, ఐదు తులాల బంగారం, ఒక స్కూటర్. పదకొండేళ్ళు పండినవి ఒక్క ముహూర్తంలో కోతకొచ్చాయి. స్కూటర్ని మా బావ ఐదేళ్ళకి అమ్మేశాడు. బంగారం ఇప్పటికి ఎన్నిసార్లు తాకట్టుకి వెళ్ళి వచ్చిందో అక్కకే గుర్తు లేదు.

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. 2003లో నా పెళ్ళికి నేనూ తీసుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం లేదు. బీఈడీ చేసి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. "కుర్రాడు రేపో మాపో డీఎస్సీ కొడతాడు" అన్న మాట మీద లక్షన్నర, ఒక హీరో హోండా. రాని ఉద్యోగానికి కూడా రేటు ఉండేది మా దగ్గర! 1961 నుంచి కట్నం నేరమని చట్టం ఉంది. పెళ్ళి పందిట్లో పోలీసాయనా ఉన్నాడు, రెండోసారి పప్పు వేయించుకున్నాడు. నలభై వేల ఫోన్ కొన్న పిల్లని పట్టుకుని "వస్తువుల పిచ్చి" అని మా తరం, మా నాన్న తరం మాట్లాడినప్పుడల్లా నాకు ఆ బండి తాళాలు గుర్తొస్తాయి. వస్తువుల మోజు మాకూ ఉండేది, బిల్లు మాత్రం మామగారికి పంపేవాళ్ళం.

అక్క పెళ్ళయిన మరుసటి ఏడాది మిల్లు లాకౌట్ పడింది. ఉన్నట్టుండి ఒక ఉదయం గేటుకి నోటీసు అంటించారు. తిండిగింజలు, పంచదార గోనెసంచుల్లోనే నింపాలని 1987లో చట్టం వచ్చినా ప్లాస్టిక్ సంచీ ముందు జూట్ ఎప్పుడూ ఎదురీదుతూనే ఉంది. మా వైపు రైతులు నార కోసం గోగు వేయడం కూడా తగ్గించేశారు. ఇవన్నీ తర్వాత చదివి తెలుసుకున్నవి. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, మిల్లు కూత ఆగిపోయింది. ఆ కూతని బట్టే మా వీధిలో అన్నాలు వండేవారు, పిల్లల్ని లేపేవారు. నాన్న పని లేకపోయినా షిఫ్టు టైముకి చొక్కా వేసుకుని గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి వెళ్ళి కూర్చునేవాడు. అమ్మ గాజులు కుదువకి వెళ్ళాయి. ఆ పైన నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు, అంటే ఏడాదికి 36 శాతం. ట్రంకు పెట్టెలో కాగితాలు ఉండి ఉంటే ఆ అప్పు చేయాల్సి వచ్చేది కాదు. కొన్ని నెలలకి మిల్లు తెరిచారు, 2007లో రిటైరయ్యాడు. ఇప్పుడు ఆయనకి మిల్లు తరఫున వచ్చే పింఛను నెలకి రెండు వేలు కూడా లేదు.

ఇక నా సంగతి. మా స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ సోషల్ మాస్టారిది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, 2002లో చేరారు. నేను చేరింది 2004 సెప్టెంబరు తర్వాత. మన రాష్ట్రంలో ఆ నెల ఒకటో తారీఖు నుంచి చేరినవాళ్ళకి పాత పెన్షన్ లేదు, సీపీఎస్సే. బేసిక్, డీఏ కలిపి పది శాతం నెలనెలా కోసుకుంటారు, చివరికి ఎంతొస్తుందో మార్కెట్ దయ. ఇద్దరిదీ ఒకే స్కూలు, ఒకే సిలబస్, జీతంలో పెద్ద తేడా కూడా లేదు. ఆయన వాటా భూమి తమ్ముడికి వదిలేసి వేసవిలో కాశీ, రామేశ్వరం తిరుగుతారు. నేను భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తుందని లోన్ పెట్టి అటు వైపు నూట యాభై గజాలు కొని, ఇంటర్వెల్‌లో గజం రేటు ఎంతయిందో ఫోన్‌లో చూసుకుంటాను. స్టాఫ్ రూంలో "డబ్బు మనిషి" ఎవరంటే అందరూ నన్నే చూపిస్తారు. మా ఇద్దరిదీ ఒకే తరం. ఆయనకి ముసలితనం గురించి ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది, నాకు ఇవ్వలేదు. అంతకు మించి ఆయన సాధువూ కాదు, నేను లోభినీ కాదు. డబ్బు గురించి మనిషి ఎలా ఆలోచిస్తాడన్నది ఏ ఏడు పుట్టాడన్న దాని కంటే ఎవరు ఏ మాటిచ్చి పనిలో పెట్టుకున్నారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని నాకు అక్కడే అర్థమైంది.

మా అమ్మాయికి అయితే ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. మొదటి కంపెనీలో 18 వేలు, ఆదివారం కూడా ఫోన్లు. ఎనిమిది నెలలకి మానేసింది. "ఏటే గుంటా, ఆదోరం ఎల్తే ఏటవుద్ది?" అని తాత. "నువ్వు ఓవర్‌టైం డబ్బులు లేకుండా ఒక్క ఆదివారం వెళ్ళావా తాతయ్యా?" అంది. ఆయన వక్కపలుకు వెతుక్కున్నాడు. రెండో కంపెనీలో 27 వేలు ఇస్తున్నారు.

అలాగని పిల్లలు చేసేదంతా సరైందని నేననను. 27 వేల జీతంలో నెలకి 3,500 చొప్పున పన్నెండు నెలలు ఫోన్‌కి కట్టడం నాకు తెలివితక్కువ పనిగానే కనిపిస్తుంది. "నో కాస్ట్ ఈఎంఐ నాన్నా" అంటుంది. ఒక్కసారే డబ్బు కడితే వచ్చే డిస్కౌంట్ పోయింది, ప్రాసెసింగ్ ఫీజు పడింది, ఇంకా నో కాస్ట్ ఏమిటి? కాగితం మీద వేసి చూపించాను, ఒప్పుకుంది, ఫోన్ మాత్రం తిరిగివ్వలేదు. అప్పు విషయంలో నేను నాన్న పక్షమే. నూటికి మూడు రూపాయలు కట్టిన ఇంట్లో పుట్టినవాడికి అప్పుల మీద జోకులు నచ్చవు.

మీ తమ్ముడిని ఎన్ని కంపెనీలు మారావని అడగకండి. మారిన ప్రతిసారీ పీఎఫ్ విత్‌డ్రా చేసేసుకుంటున్నాడా, పాత ఖాతాని కొత్త దాంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటున్నాడా అడగండి. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, పదేళ్ళు కలవకపోతే పింఛను హక్కు రాదు. యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, ఒకటే ఉంచుకుని బదిలీ చేయించుకుంటే కంపెనీలు మారినా ఆ సర్వీసు కలుస్తుంది. కంపెనీ వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ అలా కలవదు, పర్మనెంటు ఉద్యోగి ఒకే చోట ఐదేళ్ళు ఉండాలి. కాబట్టి మారినప్పుడు వచ్చే హైక్‌లో ఆ నష్టం కూడా లెక్క వేసుకోవాలి. కుర్రాళ్ళు జారవిడుచుకునేది ఇక్కడే. ఇంకోటి, ఉద్యోగం పోతే నాలుగు నెలల గది అద్దె, మెస్సు చేతిలో ఉన్నాయా చూడమనండి. ఉంటే బూట్లు ఎన్ని జతలు కొన్నా మీ నాన్నగారిని కాసేపు మౌనంగా ఉండమనండి.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి వచ్చినప్పుడు తాతని సంతోషపెడదామని స్కూటీ మీద పోస్టాఫీసుకి తీసుకెళ్ళింది. తన పేరున కిసాన్ వికాస్ పత్రం కొంటానంది. ఆయన ఉతికిన పంచె కట్టుకుని మరీ వెళ్ళాడు. ఇప్పుడు ఆ పాత రంగు కాగితం లేదట, పాస్‌బుక్కే ఇస్తారట. దానికే కొంచెం మొహం మాడింది. ఎన్నేళ్ళకి రెట్టింపు అని కౌంటర్లో అడిగాడు. 115 నెలలు అన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"తొమ్మిదేళ్ళ ఏడు నెల్లా? అన్నాళ్ళు ఎవుడాగుతాడే? పద, ఆ ఫోనే నయం" అన్నాడట.