గడ్డం కాదు, కాలర్ చూడు

చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, వీడూ వీడి స్నేహితుడూ పది రోజులుగా మాట్లాడుకోవడం లేదంట, ఏదో ఇంగ్లీషు సీరియల్ గొడవంట అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కాస్త సిగ్గేసింది. స్టార్ ట్రెక్ అనే ఆ అమెరికా అంతరిక్ష సీరియళ్ల పిచ్చి నీకు ఎక్కించింది నేనే కదా. నువ్వేమో వాటిలో 'నెక్స్ట్ జనరేషన్' అనేదాంట్లో మొదటి రెండు సీజన్లూ చెత్త, తీసి పారేయొచ్చు అన్నావు, వాడేమో అంతరిక్ష నౌకలో కెప్టెన్ తర్వాతి అధికారి రైకర్‌కు గడ్డం వచ్చినప్పటి నుంచీ అంతా బంగారమే అన్నాడు. మాటా మాటా పెరిగి 'నీకేం తెలుసురా' దాకా పోయింది. ఇలాంటి పంచాయితీలు ముప్పై ఏళ్లుగా చేస్తున్నా, కొన్ని నేనే చెడగొట్టా కూడా. కాబట్టి కోపం తెచ్చుకోకుండా చదువు.

ముందు నా పరువు నేనే తీసుకుంటా. కేబుల్ వచ్చిన కొత్తలో మేం నలుగురం సాయంత్రాలు ఇక్కడ అనంతపురంలో క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతూ ఈ సీరియల్ గురించే కొట్టుకునేవాళ్లం. కరెంటు ఉన్న రోజు చూసేది, లేని రోజు లేదు, ఏది ముందో ఏది వెనకో ఎవరికీ తెలియదు. నా సిద్ధాంతం ఏమంటే, రైకర్ గడ్డం గీయించుకున్నాక సీరియల్ పాడైపోయింది! ఏడాది పాటు వాదించా దీని మీద, గొంతు పోయేటట్టు. చివరికి బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన పక్క బెంచీ మీద కూర్చుని అంతా విని, 'సార్, ఆయన గడ్డం తీయలేదు, ఇంకా పెంచలేదు. సీరియల్ అయిపోయింది, మళ్లీ మొదటి నుంచి వేస్తున్నారు' అన్నాడు. ఆ పూట నలుగురి టీ, బజ్జీల డబ్బులు నేనే కట్టా.

అందుకే, నోరు తెరిచేముందు వరస తెలుసుకో. 1987 సెప్టెంబరులో మొదలై 1994 మేలో ముగిసింది, 7 సీజన్లు, 178 ఎపిసోడ్లు. నీ స్నేహితుడు చెప్పే గడ్డం రెండో సీజన్ మొదట్లో వచ్చింది. దాని పుణ్యమా అని ఇంగ్లీషులో ఏ సీరియల్ గాడిలో పడినా 'గడ్డం పెంచింది' అనడం అలవాటైపోయింది. మాట బాగుంది గానీ లెక్క ఒక ఏడాది తొందరపడింది. నన్నడిగితే గడ్డం కాదు, కాలర్ చూడు. మొదటి రెండు సీజన్లలో నౌక కెప్టెన్ పికార్డ్ వేసుకునేది కాలర్ లేని, ఒంటికి అతుక్కుపోయే స్పాండెక్స్ డ్రెస్సు. అది ఎంత బిగుతంటే ఆ వేషం వేసిన పాట్రిక్ స్టూవర్ట్‌కు నడుము నొప్పి పట్టుకుంది పాపం. మూడో సీజన్ నుంచి నిలువు కాలరు, ఉన్ని గుడ్డ, పైన చొక్కా వేరు, కింద ప్యాంటు వేరు. అందుకే ఆయన లేచినప్పుడల్లా చొక్కా అంచు కిందికి లాక్కుంటాడు, గమనించావా? ఏదో ఒక ఎపిసోడ్ మధ్యలో పెట్టినా ఆ కాలర్ చూసి ఎక్కడున్నామో చెప్పేయొచ్చు.

కాలర్ మారిన ఏడాదే రాసేవాళ్ల గది కూడా మారింది, అసలు సంగతి అది. మైకేల్ పిల్లర్ వచ్చి కథల బాధ్యత తీసుకున్నాడు. బయటివాళ్లు పంపిన స్క్రిప్టులు కూడా చదివించాడు, రోనాల్డ్ మూర్ అనే కుర్రాడు అట్లాగే లోపలికొచ్చాడు. కథలో వింత గ్రహం తగ్గి మనిషి పెరిగాడు. అంతకుముందు మొదటి సీజన్లో ఒకరు రాసింది ఇంకొకరు దిద్దడం, నచ్చక వాళ్లు వెళ్లిపోవడం, ఇదే తంతు. అందులో 'కోడ్ ఆఫ్ ఆనర్' అని ఒకటుంది, నల్లవాళ్లను చూపించిన తీరుకు అందులో నటించినవాళ్లే తర్వాత సిగ్గుపడ్డారు. దాన్ని ఎవరైనా వెనకేసుకొస్తే లేచి వచ్చేయ్, వాదించకు.

రెండో సీజన్ మీద మాత్రం నువ్వు అన్యాయంగా మాట్లాడావు. 1988లో హాలీవుడ్ రచయితలు ఐదు నెలలు సమ్మె చేశారు. 26 రావాల్సినవి 22కే ఆగాయి. మొదటి కథ డెబ్బైల్లో తీయకుండా మూలన పడేసిన ఇంకో సిరీస్ కోసం రాసింది, చివరిదైతే మరీ ఘోరం, రైకర్‌ను మంచం మీద పడుకోబెట్టి పాత ఎపిసోడ్ల ముక్కలు అతికించి వదిలారు. ఇంతవరకు నీ మాటే నిజం. కానీ అదే సీజన్లో 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఉంది. డేటా అనే ఆండ్రాయిడ్ తన ఇష్టంతో బతికే మనిషిలాంటివాడా, లేక సర్కారు సొత్తా అని విచారణ. స్నేహితుడైన రైకరే అతనికి వ్యతిరేకంగా వాదించాల్సి వస్తుంది. ముందు డేటా చేయి ఊడదీసి చూపిస్తాడు. తర్వాత వీపు వెనక స్విచ్ నొక్కుతాడు, డేటా అట్లాగే టేబుల్ మీదికి వాలిపోతాడు. కేసు గెలుస్తున్నాడు, ముఖంలో మాత్రం చచ్చిన కళ. బోర్గ్‌లు అనే సగం మనిషి సగం యంత్రం శత్రువులు మొదటిసారి కనిపించిందీ ఆ సీజన్లోనే. నువ్వు 'అంతా చెత్త' అన్నావో లేదో, వాడు ఈ రెండూ తీసి నీ ముందు పెడతాడు, అయిపోయె. అట్లా కాకుండా 'ఇదిగో ఈ రెండూ నీవే, ఉంచుకో, మిగతా 20 గురించి మాట్లాడదాం' అని నువ్వే ముందు ఇచ్చేస్తే వాడు మెత్తబడతాడు. నేను దీన్ని నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంకొకటి, మంచి కాలమో చెడ్డ కాలమో తేల్చాలంటే శిఖరాలు చూడకు. హోటల్ సంగతి పండగ రోజు తెలియదు, మంగళవారం మధ్యాహ్నం తెలుస్తుంది. ఎక్కడో ఒకచోట వేలు పెట్టి వరసగా మూడు ఎపిసోడ్లు చూడు. 1990 జూన్‌లో పికార్డ్‌ను బోర్గ్‌లు పట్టుకుపోవడంతో మూడో సీజన్ ఆపేశారు, మిగతా సగం సెప్టెంబరులో వేశారు. అందరూ అది చెప్తారు. నేను దాని తర్వాతది చూడమంటా, 'ఫ్యామిలీ'. యుద్ధం లేదు, శత్రువు లేడు. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటలో అన్నదమ్ములిద్దరూ బురదలో పడి కొట్టుకుని, నవ్వి, ఆ నవ్వులోంచే పికార్డ్ ఏడ్చేస్తాడు. అంత పెద్ద గెలుపు తర్వాతి వారమే అట్లాంటిది వేసే ధైర్యం ఉన్న రోజులవి.

'ఇన్నర్ లైట్' విషయం వేరుగా చెప్పాలి. ఐదో సీజన్. పికార్డ్ ఇరవై ఐదు నిమిషాలు స్పృహ తప్పి ఉంటాడు, ఆ లోపల ఎక్కడో ఒక ఊళ్లో నలభై ఏళ్లు కాపురం చేస్తాడు, పిల్లల్ని కంటాడు, వేణువు వాయించడం నేర్చుకుంటాడు. ఆ ఊరికి కరువు. ఊరి మధ్యలో ఒక చిన్న మొక్క, తలా కాస్త తమ వంతు నీళ్లు దానికి పోస్తుంటారు. మీ జేజికి ఇంగ్లీషు ముక్క రాదు, పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ చూసింది. 'తాగడానికే లేవంటివి, చెట్టుకు పోస్తాండారేం?' అంది. చెప్పా. పికార్డ్ పై అధికారికి వానల సంగతి మొరపెట్టుకుంటుంటే, 'ఆయప్ప మాట ఎవురింటారు' అని మళ్లీ శనక్కాయల్లో పడింది. ఆ ఎపిసోడ్‌కు 1993లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చిందిలే, అయినా నేను దాని గురించి ఎవరితోనూ వాదించను. ఎందుకంటే నేను చూసేది సీరియల్ కాదు, మా చేను. నీకూ అట్లాంటిది ఏదైనా ఉంటే 'ఇది నాకిష్టం' అని పక్కన పెట్టు, సాక్ష్యం కింద తేకు.

ఏడో సీజన్ గురించి ఎక్కువ లేదు. డీప్ స్పేస్ నైన్ అనే ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ ఒకపక్క నడుస్తోంది, వోయేజర్ అని మరొకటి తయారవుతోంది, సినిమా కూడా రాస్తున్నారు, మనుషులు అలిసిపోయారు. నౌకలోని డాక్టరమ్మ తన అవ్వగారి కొవ్వొత్తిలో ఉండే దయ్యాన్ని ప్రేమించే కథ అప్పటిదే, మన ఊళ్ల దయ్యాలు నయం. అయినా 'లోయర్ డెక్స్' అనే మంచి ఎపిసోడ్ ఆ సీజన్లోదే, ముగింపు కూడా గొప్పగా కుదిరింది.

వచ్చే ఆదివారం వాణ్ణి కూడా పిలుచుకురా. నువ్వే ఫోన్ చెయ్, వాడు చేస్తాడని కూర్చోకు. మూడో సీజన్ మొదటి మూడూ వరసగా వేద్దాం. మొట్టమొదటిది అంత గొప్పదేం కాదు, ముందే చెప్తున్నా, దాన్ని పట్టుకుని నా మీద పడొద్దు. మీ పెద్దమ్మ ఉగ్గాని చేస్తానంది, బజ్జీలు మాత్రం వచ్చే దారిలో కట్టించుకురండి. ల్యాప్‌టాప్‌ను టీవీకి పెట్టే వైరు మా ఇంట్లోది పాడైంది, అది మర్చిపోకు.

మీ పెదనాయన