రాత్రి కవిత పాఠం చెప్పబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

డిగ్రీ పిల్లలకు ఆంగ్ల కవి రాబర్ట్ బ్రౌనింగ్ 'మీటింగ్ ఎట్ నైట్' చెప్పాల్సి వచ్చిందనీ, రాత్రివేళ రహస్యంగా ప్రియురాలి దగ్గరికి వెళ్ళే కవిత కనుక వెనక బెంచీల నవ్వులు తలుచుకుంటేనే బెరుకుగా ఉందనీ రాశావు. నవ్వనివ్వు. ఆ వయసు వాళ్ళు ఇలాంటి చోట నవ్వకపోతేనే అనుమానించాలి. నువ్వు ముఖం గంభీరంగా పెట్టి 'ఇది పవిత్రమైన ప్రేమ' అన్నావంటే ఆ పీరియడ్ అక్కడితో సరి. అసలు ప్రేమ అనే మాట నీ నోట రాకుండా మొదలుపెట్టు. కవితలోనే ఆ మాట లేదు. ఆమె అందగత్తె అని గానీ, ఆమె కోసం తపించిపోతున్నానని గానీ అతను ఎక్కడా అనడు. వచ్చిన దారి చెబుతాడు, అంతే. నువ్వూ దారే చెప్పు.

ముందు గట్టిగా ఒకసారి చదువు. పన్నెండు పంక్తులే. తర్వాత 'ఇదంతా ఎన్ని గంటలకు జరుగుతోంది?' అని అడుగు. కవి వేళ చెప్పలేదు. కానీ దిగంతానికి దగ్గరగా, పెద్దగా, పసుప్పచ్చగా సగం చంద్రుణ్ణి పెట్టాడు. శుద్ధ అష్టమి చంద్రుడు సుమారు అర్ధరాత్రికి అస్తమిస్తాడు, బహుళ అష్టమి చంద్రుడు సుమారు అర్ధరాత్రికి ఉదయిస్తాడు. ఏదైనా వేళ ఒకటే. ఇంట్లో పంచాంగం చూసే అలవాటున్న పిల్ల ఎవరో ఒకరు ఈ లెక్క చెప్పేస్తారు. ఇక ఆ పిల్ల సంవత్సరమంతా నీ పక్షమే.

ఆపైన నల్లబల్ల మీద వరసగా రాయించు: సముద్రం, నేల, చంద్రుడు, చిన్న అఖాతం, మైలు పొడవు ఇసుక, మూడు పొలాలు, ఒక ఇల్లు, కిటికీ అద్దం, అగ్గిపుల్ల, గొంతు, రెండు గుండెలు. ఆకాశమంత వెడల్పున మొదలైన లోకం రెండు గుండెల మధ్యకు ఇరుకైపోవడం పిల్లలే చూస్తారు, నువ్వు చెప్పనక్కర్లేదు. చూపు పనిచేసినంతసేపూ దూరం, వినికిడి వచ్చేసరికి దగ్గర. ఎదుటి మనిషి గుండె చప్పుడు వినాలంటే ఎంత దగ్గరగా ఉండాలో వాళ్ళకు వివరించకు! నిద్ర లేచిన చిన్న అలలు నిప్పు రంగు ముంగురుల్లా ఎగురుతాయన్న చోట మాత్రం కాస్త ఆగు. ఆమె ఉన్న ఇల్లు ఇంకా మైలుకు పైన దూరం. ముంగురులు అప్పుడే నీళ్ళ మీద కనిపిస్తున్నాయి.

వ్యాకరణం అంటే ముఖం చిట్లించేవాళ్ళకు ఒక పందెం వెయ్యి: ఈ కవితలో ప్రధాన క్రియ వెతకండి అని. దొరకదు. ఉన్న క్రియలన్నీ ఉపవాక్యాల్లో ఉన్నాయి. ప్రధాన వాక్యం ఒక్కటీ పూర్తి కాలేదు. మొదటి పంక్తి మొదలు అతనికి వాక్యం పూర్తి చేసే తీరిక లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అగ్గిపుల్ల. 1845లో ఈ కవిత అచ్చయ్యేనాటికి గీస్తే మండే అగ్గిపుల్ల వచ్చి ఇరవై ఏళ్ళు కాలేదు; జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి వాటిని అమ్మడం మొదలుపెట్టింది 1827లో. అప్పటి పుల్లలకు గంధకం పూత ఉండేది, గంధకం నీలంగా మండుతుంది. కవి చూసి రాసిన నీలం అది. రెండో ఆరు పంక్తుల చరణంలో ఆ గీసిన చప్పుడూ (స్క్రాచ్), పుల్లా (మ్యాచ్) ప్రాసగా పక్కపక్క పంక్తుల్లో పడ్డాయి. మిగిలిన ప్రాసలు ఒకటికి ఆరు, రెండుకు అయిదు, ఇలా దూరం నుంచి దగ్గరికి వస్తాయి. నడిమి రెండు పంక్తులే ఆనుకుని ఉంటాయి. అక్కడే వెలుగు. ఇది కావాలని చేశాడా అని ఎవరైనా అడిగితే, కావాలని చేయకపోతే ఇంకా గొప్ప అను.

అభిసారిక ప్రస్తావన తెలుగు విద్యార్థులు తప్పక తెస్తారు. తేనివ్వు. మన నాయికల్లో బయలుదేరేది స్త్రీ. ఇక్కడ బయలుదేరింది పురుషుడు, సిద్ధంగా అగ్గిపుల్ల పట్టుకుని ఉన్నది స్త్రీ. ఆ తేడా గమనిస్తే చాలు, ఎనిమిది మంది నాయికల జాబితా చెప్పించకు.

బ్రౌనింగ్, కవయిత్రి ఎలిజబెత్ బారెట్‌ల కథ చివరికి ఉంచు. 1845 జనవరిలో మొదటి ఉత్తరం, మే 20న మొదటి కలయిక, తండ్రి ఒప్పుకోడని తెలిసి 1846 సెప్టెంబరు 12న రహస్య వివాహం, వారం తిరిగేసరికి ఇటలీ ప్రయాణం. సినిమా కన్నా బాగుంటుంది, అందుకే ముందు చెబితే కవిత ఎవరికీ పట్టదు. పైగా అతను ఆమెను చూడటానికి వెళ్ళింది లండన్‌లోని ఆమె ఇంటికి, పగటిపూట. పడవా లేదు, పొలాలూ లేవు.

దీని జంట కవిత 'పార్టింగ్ ఎట్ మార్నింగ్' మర్నాటికి పెట్టుకో. మొదట అచ్చయినప్పుడు ఈ రెండూ ఒకే శీర్షిక కింద రెండు భాగాలు. 1849లో విడి పేర్లు వచ్చాయి. కనుక రాత్రి చెప్పి తెల్లవారడం వదిలేస్తే సగం పాఠమే. నాలుగే పంక్తులు, కానీ మూడో పంక్తిలో బంగారు బాట 'అతనికి' అన్నచోట ఆ 'అతను' ఎవరో తెలియక అందరూ తడబడతారు. బంగారు బాట దొరికింది సూర్యుడికి. మాట్లాడే అతనికి కావలసింది మనుషుల లోకం, పనీ పాటా. రాత్రి ఆనందం అదొక్కటే చాలనిపిస్తుంది గానీ ఆ నమ్మకం ఎక్కువసేపు నిలవదని అతను ఒప్పుకుంటున్నాడు. బ్రౌనింగే తర్వాతి రోజుల్లో ఇలా వివరించాడు. ఈ మాట చెప్పగానే క్లాసులో అబ్బాయిలు తలలూపుతారు. అప్పుడు అమ్మాయిల వైపు తిరుగు. ఆ కిటికీ వెనక ఉన్న ఆమెకు తెల్లవారి ఏం కావాలో నాలుగు పంక్తుల్లోనూ లేదు. అది వాళ్ళనే రాసుకుని రమ్మను, పద్యమైనా సరే, వచనమైనా సరే. మార్కులు వెయ్యకు. బాగున్నవి ఉంటే నాకు పంపు.

పెద్దమ్మ