మైక్రోవేవ్‌తో లోహాల్లో లోపాలు పట్టే పని: అమ్మాయికి కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. లోహాల్లో పైకి కనపడని లోపాలను మైక్రోవేవ్‌లతో కనిపెట్టే ప్రాజెక్టు చేస్తానని, ఆ రంగంలోనే స్థిరపడతానని అంటోంది. బంధువులేమో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటున్నారు. నేను ఫ్యాబ్రికేషన్ షాపులో వెల్డర్‌ని. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, విశాఖపట్నం)

జవాబు: ప్రాజెక్టు చేయనివ్వండి, మంచి ఎంపిక. అయితే మొదలుపెట్టే ముందే అమ్మాయికి ఒక సంగతి తెలియాలి. మైక్రోవేవ్ లోహం లోపలికి వెళ్లదు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర రాగిలో 0.66 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) లోతుకే తరంగం బలం 37 శాతానికి పడిపోతుంది. కాబట్టి మందపాటి ప్లేటు మధ్యలో ఉన్న లోపాన్ని ఇది పట్టలేదు. దీని సత్తా వేరే చోట ఉంది. పెయింట్, రబ్బరు, ప్లాస్టిక్ పూతల గుండా ఇది సులువుగా దాటిపోతుంది. పూతను గీకకుండానే దాని కింద లోహం మీద ఉన్న పగులును, తుప్పును చూపిస్తుంది.

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. చాలా ఈసీఈ కాలేజీల మైక్రోవేవ్ ల్యాబుల్లో గన్ డయోడ్ అనే చిన్న భాగంతో 10 గిగాహెర్ట్జ్ దగ్గరి మైక్రోవేవ్‌లు పుట్టించే ఎక్స్ బ్యాండ్ బెంచ్ ఉంటుంది. అల్యూమినియం ప్లేటు మీద సన్నని గాడి కోయించి, పెయింట్ వేసి, వేవ్‌గైడ్ (తరంగాన్ని నడిపించే దీర్ఘచతురస్రాకారపు లోహపు గొట్టం) తెరిచిన మూతి ముందు మెల్లగా జరపమనండి. గాడి మూతి కిందకు రాగానే మీటరు రీడింగ్ మారుతుంది. గాడి వేవ్‌గైడ్ వెడల్పు వైపుకు సమాంతరంగా ఉంటే మార్పు బాగా తెలుస్తుంది, అడ్డంగా తిప్పితే దాదాపు మాయమవుతుంది. ఎందుకలా అవుతుందో తన మాటల్లో చెప్పగలిగితే ఏ ఇంటర్వ్యూలోనైనా ఆ ప్రాజెక్టు గురించి ధైర్యంగా మాట్లాడగలదు.

ఉద్యోగం మాటకొస్తే, మైక్రోవేవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. వస్తువును పాడుచేయకుండా లోపాలు పట్టే ఈ విద్యను ఎన్‌డీటీ అంటారు. పరిశ్రమలో దీని రోజువారీ పని ఎక్కువగా అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో), రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లేదా గామా కిరణాలతో), ఎడ్డీ కరెంట్ (లోహంలో సుడి ప్రవాహాలు పుట్టించి), డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి రంగు ద్రవం ఇంకించి) లాంటి పరీక్షలదే. మీ వెల్డు జాయింట్లను తనిఖీ చేసేవాళ్లను మీరు చూసే ఉంటారు. డిగ్రీ అయ్యాక అల్ట్రాసోనిక్‌తో మొదలుపెట్టమనండి. ఈసీఈ పిల్లలకు ఎడ్డీ కరెంట్ కూడా త్వరగా పట్టుబడుతుంది. పరిశోధన మీద ఆసక్తి ఉంటే గేట్ రాయాలి. ఐఐటీ మద్రాసులో ఈ విద్యకే ప్రత్యేక కేంద్రం ఉంది, కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం (ఐజీకార్)లోనూ దీని మీద పరిశోధన జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కూడా వృథా కాదు. సిగ్నళ్లను విశ్లేషించడానికి పైథాన్ రావాల్సిందే.

మీ దగ్గర తను నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పొరాసిటీ (వెల్డులో చిక్కుకున్న గాలి బుడగలు) ఎలా వస్తుందో, ఫ్యూజన్ సరిగా కాకపోతే (లోహం పూర్తిగా కలవకపోతే) జాయింట్ ఎలా ఉంటుందో షాపులో చూపించండి. పరీక్ష చేసే మనిషికి లోపం ఎలా పుడుతుందో తెలియకపోతే స్క్రీన్ మీది గీత అర్థం కాదు.

కొన్ని రోజుల క్లాసులతో లెవెల్ 2 (స్వయంగా పరీక్ష చేసి ఫలితం తేల్చగల స్థాయి) సర్టిఫికెట్, వెంటనే ఉద్యోగం అని ఆశ చూపే సంస్థలతో జాగ్రత్త. లెవెల్ 2కు శిక్షణతో పాటు పని అనుభవమూ కావాలి. ఎస్ఎన్‌టీ టీసీ 1ఏ అనే అమెరికన్ మార్గదర్శక పద్ధతిలో సర్టిఫికేషన్ బాధ్యత ఉద్యోగమిచ్చే కంపెనీది, అందుకే కంపెనీ మారితే అది అలాగే చెల్లుతుందనుకోకూడదు. ఐఎస్ఓ 9712 అనే అంతర్జాతీయ ప్రమాణం పద్ధతిలో అయితే స్వతంత్ర సంస్థ ఇస్తుంది. తను చేరే కోర్సు ఈ రెండింటిలో దేని కిందకు వస్తుందో, అనుభవాన్ని ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే ఫీజు కట్టండి.