హైస్కూల్లో గణితం ఏ స్థాయిలో తీసుకోవాలి? కఠినమైనదే మంచిదా?

ముందరి తరగతుల బీజగణితాన్ని ఎవరి సాయమూ లేకుండా చేయగలిగితే పై స్థాయిని, లేకపోతే దాని కింది స్థాయిని ఎంచుకోవాలి. గణితంలో ప్రతి పాఠమూ వెనకటి పాఠం మీదే నిలబడుతుంది కనుక, పునాదిలో మిగిలిపోయిన లోపమే పైకి వెళ్లాక కొత్త విషయపు కష్టంలా కనిపిస్తుంది.

ఉదాహరణకు, ఒక సంఖ్య వర్గం నుంచి 9 తీసివేసి, దాన్ని ఆ సంఖ్యలోంచి 3 తీసివేయగా మిగిలినదానితో భాగిస్తే, ఆ సంఖ్య 3ను సమీపించే కొద్దీ ఫలితం 6ను సమీపిస్తుంది. ఇది కలనగణితం (కాల్క్యులస్)లోని అవధి (లిమిట్) లెక్కే అయినా, విద్యార్థి సాధారణంగా తడబడేది లవాన్ని కారణాంకాలుగా విడగొట్టే చోట, అంటే చిన్న తరగతిలో నేర్చిన అంశం దగ్గరే.

కఠినమైన కోర్సులో అత్తెసరు మార్కులు వచ్చినా మేలేనన్నది చాలామందికి ఉన్న అపోహ. ఇంజినీరింగ్, భౌతికశాస్త్రం వంటి చదువులకు పై స్థాయి నిజంగానే అవసరం. అయితే అర్థంకాకుండా దాటేసిన పాఠాలను అక్కడ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వస్తుంది.